తొమ్మిదో రివిజన్

మా గ్రూపుకి రూలు ఒకటే: నువ్వు గీసిందయితే పెట్టు, ఎదుటోళ్ళు గీసింది బాగోలేదనకు. ఇవి రెండు రూళ్ళు కదా అని అప్పుడప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. ఒక లైన్లో రాశాను, ఒకటే.

గ్రూపు పేరు 'గీసిందేదైనా పెట్టండి'. ఫేస్‌బుక్‌లో ఉంది, ఆరువేల పైచిలుకు జనం. అడ్మిన్ని నానే, జయశీల. గాజువాకలో చర్చి సందులో జిరాక్సు షాపు నాదే. మిషను పాడుచేసిన కాగితాలు రోజుకో కట్ట మిగుల్తాయి. వెనకపక్క తెల్లగానే ఉంటాది కదా, పారెయ్యడానికి చేతులు రాక వాటి మీద బొమ్మలు గీసీదాన్ని. అది చూసి మా ఆయన యోహాను, "నీలాటోళ్ళు ఊర్లో ఇంకా ఉంటారు, అందరూ ఒక దగ్గర పెట్టుకోండి" అన్నారు. గ్రూపుకి పేరు కూడా ఆయనే పెట్టారు. ఆయనకి బొమ్మలు రావు గానీ పేర్లు బాగా పెట్టీవారు, పక్కింటోళ్ళ మేకకి కూడా.

ఆరువేల మంది ఏటి పెడతారంటే ఏదైనా పెడతారు. ముగ్గులు, ఓడలు, సింహాచలం మెట్లు, కింద పేరు రాస్తే గానీ ఎవరో తెలీని హీరోల మొహాలు. మా చర్చి సంఘపెద్ద గారి భార్య కాంతం సిస్టర్ ఆదివారం ఆదివారం ఒక గొర్రెపిల్లని పెడతారు. ఆవిడ చర్చిలో స్పెషల్ సాంగ్ అని లేచి వెళ్ళి పాడీసి వచ్చీస్తారు కూడా. పాట ఒక సంఘంలో ఉంటే శృతి ఇంకో సంఘంలో ఉంటాది. అందరం ఆమేన్ అంటాం. గ్రూపు కూడా అలగే. ఏది పెట్టినా 'సూపర్'. సూపర్ సిస్టర్, సూపర్ బావ, సూపర్ తమ్ముడూ. నా ఫోన్లో 'సూ' అని కొడితే చాలు, మిగతాది దానంతటదే వచ్చీస్తాది.

మా ఆయన పోర్టులో సిగ్నల్‌మేన్. ఓడ మీద నిలబడి, పైన క్రేను నడిపీవోడికి చేత్తో సైగలు చెయ్యాలి: దించు, ఆపు, ఎడమకి తిప్పు. పెళ్ళి, ఉద్యోగం ఒకే ఏడాది. ఇరవై రెండేళ్ళు చేశారు. రెండేళ్ళ కిందట మల్కాపురం బస్టాపులో నిలబడినోరు నిలబడినట్టే పడిపోయారు. గుండె. యాభై ఒకటి ఆయనకి.

ఇప్పుడు నా బాధ చెప్తాను వినండి. ఆయన మొహం నాకు జారిపోతంది. ఏడుపు సంగతి కాదు, ఏడుపు బాగానే వస్తంది. మొహమే రావట్లేదు. కళ్ళు మూసుకుంటే చొక్కా వస్తంది, చెప్పులొస్తన్నాయి, టిఫిను కేరేజీ వస్తంది, పైకి చూస్తే మాత్రం అలికీసినట్టు ఉంటంది. ఇంకో రెండేళ్ళు పోతే ఏటి మిగుల్తాది?

ఫోటోల్లేవా అంటారు. ఉన్నాయి. పెళ్ళి ఆల్బంలో ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రోడున్నాడు, వాడితో నాకు అంత పరిచయం లేదు. పోర్టు ఐడీ కార్డులోనూ, చర్చి వార్షికోత్సవం ఫోటోలోనూ అటెన్షన్లో నిలబడ్డ హోంగార్డున్నాడు. ఫోటో అనగానే మా ఆయన కొయ్యబారిపోయీవారు. సరే, గీయడం వచ్చు కదా, నానే గీసుకుంటాననుకున్నాను. ఐడీ కార్డు ముందర పెట్టుకుని పదకొండుసార్లు గీసి పదకొండుసార్లూ గ్రూపులో పెట్టాను. 'సూపర్ సిస్టర్', 'అచ్చు అన్నయ్యే', దండాలు, కన్నీళ్ళు, పువ్వులు. ఆరువేల మందిలో ఒక్కరంటే ఒక్కరు 'ఇది యోహాను కాదు జయశీలా' అనలేదు. అనకూడదని రూలు పెట్టింది నానే కదా, ఎవర్నని ఏం లాభం.

ఇక్కడ గురునాథరావు గారి సంగతి చెప్పాలి. అమలాపురం వైపు నుంచి వచ్చి, స్టీలుప్లాంటు డ్రాయింగాఫీసులో ముప్పయ్యేళ్ళు చేసి, మా ఆయన పోయాక మా సందు చివర ఇల్లు కట్టుకుని రిటైరయ్యారు. మా గ్రూపులో చేరారు. చేరిన మొదటి ఆదివారమే కాంతం సిస్టర్ గొర్రెపిల్ల కింద ఇలగ రాశారు: "కాళ్ళు నాలుగూ ఒకే పక్కన ఉన్నాయి. ఈ సపోర్టుల మీద ఈ బరువు నిలవదు. పడిపోతుంది."

ఓలమ్మో, ఆ రోజు! రెండొందల ఎనభై కామెంట్లు. దేవుని గొర్రెపిల్లని పడిపోతాదంటాడా అని కొందరు, పెద్దాయన చెప్పింది లెక్క ప్రకారం కరెక్టే కదా అని కొందరు. కాంతం సిస్టర్ నాకు నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టారు. మొదట ఏడ్చారు, చివర్న పాడారు. నాను ఆయన్ని గ్రూపులోంచి తీసీసాను. ఒక్క నొక్కుడు.

వారం తిరక్కుండా ఆయనే ఇంకో గ్రూపు పెట్టారు, 'రేఖ' అని. నలభై మంది. అక్కడ పెట్టడం ఉండదు, పంపడం ఉంటాది. పంపితే ఆయన ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపుతారు. మళ్ళీ గీసి పంపాలి. మొదటిది రివిజన్ సున్నా, తర్వాత ఒకటి, రెండు, అలగ. అంతా అయ్యాక 'అప్రూవ్డ్' అని సంతకం పెడితేనే అందరికీ కనపడతాది. ఏడాదికి పన్నెండు బొమ్మలు అప్రూవయ్యాయంట. నాను దొంగతనంగా చూశాను. ప్రభువా, కళ్ళు తిప్పుకోలేం.

ఆయనకి ఫోన్లో దిద్దడం చేతకాదు. కాగితం మీద ప్రింటు తీసి, దిద్ది, మళ్ళీ స్కాను చేసి పంపాలి. మా సందులో జిరాక్సు షాపు ఒకటే. కాబట్టి నాను తీసీసిన మనిషి రోజూ నా షాపుకే వస్తారు. "ఎన్ని కాపీలు?" అంటాను. "ఒకటండి" అంటారు. ఏడాది పాటు మా ఇద్దరి మధ్యా మాటలివే.

కానీ ఆ కాగితాలన్నీ నా చేతి మీంచే వెళ్ళాలి కదా, చూడకుండా ఎలగుంటాను? ఎవరో గీసిన పడవకి పదిహేడు ఎర్ర గీతలు. ఇంకెవరిదో ముసలమ్మ బొమ్మకి పేజీ నిండా. ఒకమ్మాయి నెమలికి మాత్రం ఒక్క గీత పడలేదు, మూల 'సమాచారం కోసం మాత్రమే' అని చిన్న ముద్ర. అదృష్టవంతురాలు అనుకున్నాను.

ఒకరోజు ఉండబట్టలేక నా పన్నెండో యోహాన్ని 'రేఖ'కి పంపీసాను. నా పేరుతో కాదు, మా చెల్లి కూతురు ఫెబా పేరుతో. మర్నాడు గురునాథరావు గారు పెన్‌డ్రైవు తెచ్చి కౌంటరు మీద పెట్టారు. నా బొమ్మ నానే ప్రింటు తీసి ఇచ్చాను. ఆ మర్నాడు ఎర్రగా తెచ్చారు. నాకు పడ్డ చీవాట్లు నానే స్కాను చేసి ఇచ్చాను, ఆయన ఇంటికెళ్ళి నాకే పంపారు.

"కళ్ళ మధ్య దూరం ఎక్కువ. ముక్కు నీడ కుడికి, గెడ్డం నీడ ఎడమకి. సూర్యుళ్ళు ఎంతమంది? ఈ మెడ ఈ తలని మొయ్యదు."

ఒళ్ళు మండిపోయింది. మండుతూనే దిద్దాను. మళ్ళీ పంపాను. మళ్ళీ ఎర్ర గీతలు, ఈసారి చెవులకి. మళ్ళీ దిద్దాను. ఐదోసారికి ముక్కు నిజంగా ముక్కులాగొచ్చింది. ఏడోసారికి మెడ తలని మోసింది. పదకొండు బొమ్మలకి వచ్చిన ఆ సూపర్లన్నిటి వల్లా ఒక్క చెవి కూడా బాగుపడలేదు, ఈయన వల్ల రెండూ బాగుపడ్డాయి. అది ఒప్పుకోవాలంటే నాకు ప్రాణం పోయినంత పనయింది. పైకి మాత్రం "ఎన్ని కాపీలు?" అనీదాన్ని.

ఎనిమిదో రివిజన్ కాగితం తెచ్చిన రోజు చూస్తే గీతలే లేవు. కింద ఎర్ర సిరాతో చిన్నగా: "లోపాలేవీ కనపడలేదు. మనిషీ కనపడలేదు. సైట్‌కి వెళ్ళి చూసి సరిచూసుకోవాలి."

స్కానరు మూత దభాలున మూసీసాను.

"సైట్‌కి వెళ్ళాలా? సైటెక్కడుందో తెలుసా సార్ మీకు? సమాధుల తోటలో ఉంది! తవ్వి చూసి రమ్మంటారేటి? ఎనిమిదిసార్లు దిద్ది గీశాను మా ఆయన్ని. ఇంకా ఏటి కావాలి మీకు? మీకసలు ఎదుటి మనిషి బొమ్మ చూస్తే ఏడుపేటి? ఆ నెమలమ్మాయికి ఒక్క గీత పెట్టలేదు, నా మీద ఏటి పగ, గ్రూపులోంచి తీసీసాననేటి?"

అన్నాక తెలిసింది, ఫెబాని కాదని నానే చెప్పీసానని. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"మీరేనని మొదటి రోజే తెలుసమ్మా," అన్నారు. "కాగితం వెనక ఎవరిదో రేషన్ కార్డు అచ్చు పైకి కనపడుతోంది. ఇలాంటి కాగితాల మీద గీసేవారు ఈ గాజువాకలో మీరు కాక ఇంకెవరండి?"

స్కానరు మూత మెల్లిగా మళ్ళీ తీశాను.

"ఇంకోటండి. మా డ్రాయింగాఫీసులో ఎర్రసిరా బాగా పడ్డదాన్నే కట్టేవాళ్ళం. కట్టనిదాన్ని దిద్దడం దేనికి? ఓసారి చూసి, 'సమాచారం కోసం మాత్రమే' అని ముద్రకొట్టి బీరువాలో పడేసేవాళ్ళం. ఆ నెమలి బీరువాకే అండి. మీది బీరువాకి కాదు." కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఆయన మీవారని తెలీదు. తెలిసుంటే ఆ మాట అలా రాసేవాణ్ణి కాదు. క్షమించండమ్మా."

ఏడాదిగా ఆ ఎర్ర గీతలు చూసి ఈయనకి ఎవరి మీదో కడుపుమంట అనుకున్నాను. అది గౌరవమంట. ఇలగ గౌరవించీవోళ్ళని నానెక్కడా చూళ్ళేదు. స్టూలు ముందుకి జరిపి కూర్చోమన్నాను.

ఆయన కూర్చుని చెప్పారు. "కట్టడం అంతా అయిపోయాక ఆఖర్న ఓ డ్రాయింగు గీస్తారమ్మా. యాజ్ బిల్ట్ అంటారు. ఎలా కట్టాలనుకున్నామో కాదు, కట్టింది ఎలా ఉందో అలా. గోడ రెండంగుళాలు వంకరొచ్చిందనుకోండి, వంకరగానే గీయాలి. దాన్ని చీఫ్ ఇంజనీరైనా సరే దిద్దకూడదు. సంతకం పెట్టడమే. మీరిప్పటిదాకా గీసింది డిజైను. మీవారు ఎలా ఉండాలో అలా గీశారు, ఎలా ఉండేవారో అలా కాదు." తర్వాత అడిగారు, "మీరు కాకుండా, ఆయన్ని రోజూ చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారాండి?"

ఆలోచిస్తే, నాకంటే ఎక్కువ చూసినోళ్ళే ఉన్నారు. నా దగ్గర ఆయనున్నది అన్నం తిన్నంతసేపు, పడుకున్నంతసేపు. పగలంతా ఆయన్ని చూసింది క్రేను మీదున్న అబ్బులు అన్నయ్య. షాపు మూసీసి షేరాటో ఎక్కి మల్కాపురం వెళ్ళాను. రిఫైనరీ గోడకి ఇవతల ఆయనిల్లు. సెలవు రోజు, అరుగు మీద కూర్చుని బనీనుతో పేపరు చూస్తన్నారు.

"అన్నయ్యా, మీ బావ ఎలగుండీవారో చెప్పండి. మొహం. బొమ్మ గీద్దామని."

"యోహాన్ బావ బొమ్మా?" అన్నారు అబ్బులు అన్నయ్య. "నాను గీసి పెట్టాను కదా సెల్లెమ్మా, మన గ్రూపుల. బావ పోయిన పది రోజులకి. నువ్వు సూపరన్నావు."

"నానా?"

"నువ్వే. పువ్వు కూడా పెట్టావు."

ఫోన్ తీసి వెనక్కి జరుపుకుంటా జరుపుకుంటా, చివరికి తీసి చూపించారు. పెన్నుతో గీసిన బొమ్మ. 'రేఖ'కి పంపితే గురునాథరావు గారికి పెన్ను సిరా చాలదు. పైనుంచి చూసినట్టు ఉంది: హెల్మెట్టు ఒక ఇడ్లీ, కింద రెండు బూట్లు, పక్కకి చాపిన చెయ్యి అరటిగెల. కానీ ఆ ఇడ్లీ ఎడం పక్కకి ఒరిగి ఉంది. దాని కింద మొహం పైకెత్తి, ఒక కన్ను మూసి, ఇంకో కంటితో తిన్నగా నన్ను చూస్తంది.

ఆయనే. ఓర్నాయనో, ఆయనే.

బొమ్మ కింద మొట్టమొదటి కామెంటు నాది. 'సూపర్ అన్నయ్యా'. పువ్వు. నాను చూళ్ళేదు. ఆ రోజు వచ్చిన వందా నూటయాభై బొమ్మలకీ వరసగా కొట్టుకుంటా పోయాను, ఇది కూడా అందులోనే వెళ్ళిపోయింది. రెండేళ్ళుగా నాను వెతుకుతున్న మొహం నా గ్రూపులోనే ఉంది, కింద నా సంతకంతో.

"ఎండ ఎదురు కొడతాది కదా సెల్లెమ్మా," అంటన్నారు అబ్బులు అన్నయ్య. "తల ఎడంపక్కకి వాల్సి, ఒక కన్ను మూసి పైకి సూసీవోడు. ఇరవై రెండేళ్ళు నాను సూసింది ఆ మొకమే. ఆ తల వంకర కనపడితే సాలు, కింద బావే ఉన్నాడు, ధైర్నంగా దించొచ్చు అనుకునీవోణ్ణి. తిన్నగా ఉన్న తల కనపడితే దించీవోణ్ణి కాదు. ఎవరో కొత్తోడని."

టీ తాగమన్నారు. తాగాను. ఏటి తాగానో తెలీదు.

తిరుగు ఆటోలో ఒక్కోటీ గుర్తొచ్చాయి. ఇంట్లో కూడా ఆయన అలగే చూసీవారు. వంటింట్లోంచి నాను ఏదైనా అంటే, నానేదో క్రేను మీదున్నట్టు తల వాల్చి, ఒక కన్ను చికిలించి వినీవారు. "మెడ తిన్నగా పెట్టండి, ఎవరైనా చూస్తే పక్షవాతం అనుకుంటారు" అనీదాన్ని. పెట్టీవారు. రెండు నిమిషాలకి మళ్ళీ ఒరిగిపోయీది. చర్చి ఫోటోకి నిలబడినప్పుడు రెండు చేతుల్తో తల పట్టుకుని తిన్నగా తిప్పింది నానే. ఐడీ కార్డు ఫోటోకి కూడా వెనకాలే వెళ్ళాను, స్టూడియోవోడు క్లిక్కుమనే దాకా "తిన్నగా, తిన్నగా" అంటానే ఉన్నాను. ఆ హోంగార్డుని తయారుచేసింది నానే. ఎర్ర పెన్ను గురునాథరావు గారి దగ్గర కాదు, మొదట్నుంచీ నా చేతిలోనే ఉంది. ఆటోలో ఏడ్చాను. పక్కన చేపలమ్ముకునీ ఆవిడ తట్ట కొంచెం జరిపి నాకు చోటిచ్చింది.

తొమ్మిదో రివిజన్ ఒక్క పూటలో గీశాను. ముక్కు, చెవులు, నీడ అన్నీ గురునాథరావు గారు దిద్దినట్టే. తల మాత్రం అబ్బులు అన్నయ్య గీసినట్టు. కన్ను మూసిన దగ్గర చెయ్యి ఆగలేదు, దానికి తోవ తెలిసినట్టే వెళ్ళిపోయింది.

మర్నాడు గురునాథరావు గారొస్తే ఫెబా పేరు, పెన్‌డ్రైవు ఏవీ లేకుండా కాగితమే కౌంటరు మీద పెట్టాను. ఆయన జేబులోంచి కోణమానిని తీశారు. అలవాటు, ఏం చేస్తాం. గెడ్డం దగ్గర్నుంచి నుదుటికి పెట్టి చూశారు. ఎర్ర పెన్ను మూత తీశారు.

"తల సెంటర్ లైనుకి ఏడు డిగ్రీలు ఒరిగిందమ్మా."

"తెలుసు సార్."

కాగితం నా వైపు తిప్పుకుని, మూల నల్ల పెన్నుతో 'యాజ్ బిల్ట్' అని రాశాను. ఆయన అది చదివారు. బొమ్మని చాలాసేపు చూశారు, కొలవకుండా. ఎర్ర పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకుని, నల్ల పెన్ను కోసం చెయ్యి చాపారు. ఇచ్చాను. సంతకం పెట్టి తేదీ వేశారు.

"ఎన్ని కాపీలమ్మా?" అన్నారు.

"ఒకటండి," అన్నాను.

సాయంత్రం ఆయన్ని మళ్ళీ గ్రూపులో చేర్చుకున్నాను. కాంతం సిస్టర్‌కి కోపం రాకుండా ఆదివారాలు మాట్లాడకూడదని షరతు పెట్టాను, సరేనండి అన్నారు. తర్వాత తొమ్మిదో రివిజన్ యోహాన్ని గ్రూపులో పెట్టాను. సూపర్ సిస్టర్, సూపర్ అక్కా, దండాలు, పువ్వులు. అబ్బులు అన్నయ్య మాత్రం 'దించొచ్చు' అని రాశారు. ఎవరికీ అర్థం కాలేదు.

దాని కింద కాంతం సిస్టర్: "సూపర్ సిస్టర్. కానీ బ్రదర్ గారి మెడ కొంచెం తిన్నగా పెట్టుంటే ఇంకా బాగుండేది."

రూలు ప్రకారం తీసెయ్యాలి. అందరికీ ఒకటే రూలు, సంఘపెద్ద గారి భార్యయినా సరే. వేలు దాని మీద పెట్టాను. తియ్యలేదు. కింద ఇలగ రాశాను, ప్రతి అక్షరం కొట్టుకుని:

"ఇరవై రెండేళ్ళు నానూ అదే చెప్పాను సిస్టర్. ఆయన వినలేదు. దేవునికి స్తోత్రం."